పొడి బెంచీ

కంచరపాలెం మెట్టు దాటాక, టైర్ల కొట్టు పైన,
రెండో అంతస్తు. మెట్లు ఇరుకు.
బోర్డు మీద కండల బొమ్మ లేదు.
ఫోన్ నంబరులో ఒక అంకె వానకి కారిపోయింది.

నేను ముందు వెళ్లింది ఇక్కడికి కాదు.
బీచ్ రోడ్డులో, అద్దాల గోడ వెనక,
సముద్రం కనిపించే ట్రెడ్‌మిల్లు మీద
ఏడాదికి డబ్బు కట్టి మూడు నెలలు నడిచాను.
నిమ్మగడ్డి వాసన కొట్టేవారు గాలికి.
ఆ వాసన కింద ఇంకో వాసన ఉండేది,
ఎవరిదో నిన్నటి చెమట,
బెంచీ కుట్ల మధ్య కూర్చుని లేవనిది.
కోచ్ కుర్రాడు మంచివాడే.
"ఇంకొకటి సార్, ఇంకొకటి" అనేవాడు
ఫోన్లోంచి తలెత్తకుండా.
ఆ ఇంకొకటి దగ్గరే
నా నడుం లోపల ఏదో
పాత వలతాడులా పుటుక్కుమంది.

నలభై రెండు రోజులు చెక్కబల్ల మీద పడుకున్నాను.
మా పైకప్పు పెచ్చులో
శ్రీలంక ఆకారం ఒకటి ఉందని అప్పుడే చూశాను.

బొగ్గు బెర్తు మీద టాలీ రాసే ఉద్యోగం నాది.
దుమ్ము గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.
మా మేడ మీద తెల్ల లుంగీ ఆరేస్తే
సాయంత్రానికి బూడిద రంగు.
అందుకే ఈ గదిలో కాలు పెట్టగానే
కిటికీ గట్టు మీద వేలు రాశాను, అలవాటు.
వేలు వేలులాగే వచ్చింది.

"ఏటి సూస్తన్నారు? పొద్దుట ఒకపాలి, మద్దినేళ ఒకపాలి,
మూసీముందు ఒకపాలి" అంది
బకెట్టు మీద గుడ్డ పిండుతున్న ఆవిడ.
పనావిడ అనుకున్నాను.
ఆవిడే కోచ్. మైలపిల్లి పోలమాంబ.
ఒకప్పుడు రైల్వే కోటాలో బరువులెత్తింది.
ఎడమ మోచెయ్యి ఇప్పుడు పూర్తిగా చాపలేదు.
"నన్నెవులూ ఆపనేదు" అని మాత్రం చెప్పింది,
ఒక్కసారి.

మొదటి రోజు నాకు బరువు ఇవ్వలేదు.
చీపురుకర్ర ఇచ్చింది.
తలా, వీపూ, తుంటీ
మూడు చోట్లా కర్ర వదలకుండా వంగమంది.
వారం రోజులు వంగాను.
పక్కన ఇంటర్ గుంటలు అరవై కిలోలు లేపుతుంటే
పోర్టు గుమాస్తా కర్రకి దండాలు పెడుతున్నాడు.
మానేద్దామనుకున్నాను. చెప్పుకునేది కాదు గాని, ఏడుపొచ్చింది.

తర్వాత ఉత్త రాడ్డు.
తర్వాత అటు రెండున్నర, ఇటు రెండున్నర.
ఉప్పుగాలికి రోజూ తుప్పు తలెత్తే ఊరు ఇది.
రాత్రి తొమ్మిదికి ఆవిడ రాడ్డుని ఒళ్లో పెట్టుకుని
వైరు బ్రష్షుతో గీకి నూనెగుడ్డ రాస్తుంది,
చేప పొలుసు తీసినట్టు,
చకచకా, మాట్లాడుతూనే.

ఆషాఢంలో ఒకరోజు కరెంటు పోయింది.
నా మూడో ఎత్తు సగంలో ఉంది.
బాగానే లేస్తోందనుకున్నాను.
"ఒగ్గీ. దించీ."
చీకట్లో ఎలా తెలిసిందని అడిగాను.
"ఊపిరి ఇనబడింది.
కాళ్లతో లెగిసినోడి ఊపిరి వేరు,
నడుంతో లాగీసినోడిది వేరు."
దించాను.
ఎవరో నన్ను ఆపడం
అంత మర్యాదగా అనిపించడం అదే మొదలు.

లేచిన ప్రతిసారీ బెంచీ తుడవాలి ఇక్కడ.
గుడ్డ మేకుకి ఉంటుంది, ఉతికినది.
నల్ల రెక్సిన్ మీద నా వీపు అచ్చు,
భుజాల దగ్గర వెడల్పుగా, నడుం దగ్గర సన్నగా,
నాకంటే అందంగా ఉన్న మనిషొకడు.
తుడిచేస్తాను వాణ్ణి.
వెనక నిలబడ్డవాడికి పొడి బెంచీ కావాలి.

మొన్న బెర్తు దగ్గర
కొత్తగా చేరిన కళాసీ గుంటడు
లంగరుతాడు చుట్ట ఎత్తబోయాడు, నడుం వంచి.
టాలీ పుస్తకం మూసి అరిచాను:
"ఒగ్గీ!"
నా గొంతులా లేదు.
వాడు బిత్తరపోయి చూశాడు,
బొగ్గు మొహంలో కళ్లు రెండే తెల్లగా.

చీపురుకర్ర కోసం చుట్టూ వెతికాను.
దొరికింది ఒక గడకర్ర, నిండా మసి.
జేబురుమాలు తీసి
ముందు దాన్ని తుడిచాను.